సైకిల్ యాత్రలు, హబ్ గేర్లు

గుడారం, వంటసామాను, బట్టలు, నీళ్ళు క్యారియర్లకు కట్టుకుని రోజుల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సైకిలు మీద సాగించే ప్రయాణమే సైకిల్ యాత్ర. పందెపు సైకిలుకూ యాత్ర సైకిలుకూ అసలు తేడా బరువులో ఉంది. పందెపు సైకిలు ఏడెనిమిది కిలోలు తూగుతుంది. యాత్ర సైకిలు ఒట్టిదే పదిహేను, పద్దెనిమిది కిలోలు. దాని మీదికి ఎక్కే సామాను మరో ఇరవై, ముప్ఫై. అంత బరువుతో కొండ ఎక్కాలంటే గేర్లు ఉండాల్సిందే. వాటిని అమర్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది డెరైలర్: వెనక చక్రం పక్కన చిన్నాపెద్దా పళ్ళచక్రాలను దొంతరగా పేర్చి, చైనును ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి తోసే ఏర్పాటు. రెండోది హబ్ గేరు: పళ్ళచక్రాలన్నీ వెనక చక్రం హబ్బులోనే ఇమిడిపోతాయి. బయటికి మామూలు సైకిలులాగే ముందొక పళ్ళచక్రం, వెనకొక పళ్ళచక్రం, నడుమ ఒక చైను, అంతే.

డెరైలర్ తరచుగా, చిన్నచిన్నగా మొరాయిస్తుంది. హబ్ గేరు అరుదుగా మొరాయిస్తుంది, కానీ మొరాయించిందంటే రోడ్డు పక్కన కూర్చుని బాగుచేసుకోవడం కుదరదు. యాత్ర సైకిలుకు ఏది మేలన్న వాదనంతా తిరిగి తిరిగి ఈ తేడా దగ్గరికే వస్తుంది. కొనేవాళ్ళు మొదట అడిగేది గేర్లెన్ని అని. యాత్రకు బయల్దేరేవాళ్ళు అడగవలసినవి వేరే ఉన్నాయి: అన్నిటికన్నా కింది గేరు ఎంత కిందికి దిగుతుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎక్కడ.

గేర్లు లేని రోజులు

సైకిలు మీద ఊళ్ళు తిరగాలన్న కోరిక గేర్లకన్నా పాతది. ఇంగ్లండులోని హారోగేట్‌లో 1878లోనే బైసికిల్ టూరింగ్ క్లబ్బు పుట్టింది. 1883లో సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్బుగా పేరు మార్చుకున్న ఆ సంస్థే ఇప్పటి సైక్లింగ్ యూకే. థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బయల్దేరి, 1886 చివరికల్లా భూగోళాన్ని చుట్టివచ్చాడు. ఆయన తొక్కింది ముందు చక్రం మనిషి ఛాతీ దాకా ఉండే పెన్నీ ఫార్థింగ్. దానికి చైనే లేదు; పెడళ్ళు నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదుగా సాగిన మజిలీలు ఆ యాత్రలో హాయిగా గడిచినవాటిలో ఉన్నాయి. కారణం తేలికైనదే: ఆ దారి చదునుగా ఉంటుంది. ఎత్తుపల్లాలు లేని చోట గేరు లేని లోటు తెలియదు.

చైను సైకిళ్ళు వచ్చాక హబ్బులో గేరు పెట్టే ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి. విలియం రైలీ అనే ఇంగ్లిషు ఇంజనీరు 1896లో రెండు గేర్ల హబ్బుకు పేటెంటు తీసుకున్నాడు. మూడు గేర్ల హబ్బుకూ మూలపురుషుడు ఆయనేనని సైకిలు చరిత్రకారులు చెబుతారు. అయితే ముందు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆయన కొత్త పేటెంట్లన్నీ పాత కంపెనీకి దఖలు పడే పరిస్థితి. అందుకని పేటెంటు మీద సహచరుడు జేమ్స్ ఆర్చర్ పేరు పెట్టారు. సైకిలు పత్రికల సంపాదకుడు హెన్రీ స్టర్మీ కూడా తన మూడు గేర్ల నమూనాతో అదే సమయానికి వచ్చాడు. నాటింగ్‌హామ్‌లోని రాలీ కంపెనీ అధిపతి ఫ్రాంక్ బౌడెన్ ఇద్దరినీ దగ్గర చేర్చి 1902లో వ్యాపారం మొదలుపెట్టించాడు. అలా స్టర్మీ-ఆర్చర్ పేరు లోకానికెక్కింది, రైలీ పేరు మరుగున పడిపోయింది. జర్మనీలో ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలోని ఫిష్టెల్ ఉండ్ జాక్స్ కంపెనీ 1903లో టార్పెడో హబ్బు తెచ్చింది. పెడలును వెనక్కి తొక్కితే బ్రేకు పడే ఆ హబ్బు యూరప్ అంతటా పాకింది.

ఫ్రాన్సు దారి వేరు. సెంతెత్యెన్‌లో వెలోసియో అన్న కలం పేరుతో సైకిలు పత్రిక నడిపిన పాల్ ద వివీ, కొండలెక్కే సైకిలుకు ఒకటికి మించి గేర్లు ఉండాలని జీవితాంతం పోరాడాడు. టూర్ ద ఫ్రాన్స్ సృష్టికర్త ఆంరీ దెగ్రాంజ్‌కు ఆ మాట గిట్టేది కాదు. గేర్లు ముసలివాళ్ళకు పనికొచ్చే సౌకర్యమన్నది ఆయన మతం. టూర్‌లో డెరైలర్‌కు 1937 దాకా అనుమతి దొరకలేదు. ఒకసారి దొరికాక పందేలన్నీ ఆ వైపే తిరిగాయి, పందేల వెంట బజారూ తిరిగింది. హబ్ గేరు వేగానికి పనికిరాదన్న అపప్రథ మాత్రం నిజం కాదు. 1939లో టామీ గాడ్విన్ ఒక్క ఏడాదిలో 75,065 మైళ్ళు, అంటే లక్షా ఇరవై వేల కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. అందులో సింహభాగం రాలీ సైకిలు మీద, స్టర్మీ-ఆర్చర్ నాలుగు గేర్ల హబ్బుతో. ఆ రికార్డును మరొకరు దాటడానికి 2016 వరకు పట్టింది.

హబ్బు లోపల

1936లో వచ్చిన స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్బును విప్పి చూస్తే మొత్తం కుటుంబం రహస్యం తెలుస్తుంది. ఇరుసు మీద కదలకుండా బిగించిన 20 పళ్ళ చిన్న చక్రం ఉంటుంది. దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు, ఒక్కోదానికీ 20 పళ్ళే, ఒక పంజరంలో కూర్చుని తిరుగుతాయి. వాటన్నిటినీ చుట్టి, లోపలివైపు 60 పళ్ళున్న పెద్ద వలయం. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు ఉంటుందని ఇంజనీర్లు దీన్ని గ్రహచక్రాల అమరిక అంటారు. చైను వలయాన్ని తిప్పి, హబ్బు పంజరంతో పాటు తిరిగితే నిష్పత్తి 60 బై 80, అంటే చైను నాలుగు చుట్లు తిప్పితే చక్రం మూడు చుట్లే తిరుగుతుంది. ఇది కొండ గేరు. చైను పంజరాన్ని తిప్పి, హబ్బు వలయంతో తిరిగితే 80 బై 60, చక్రం మూడో వంతు ఎక్కువ తిరుగుతుంది. ఇది పరుగు గేరు. రెండింటి నడుమ, ఏ చిన్న చక్రం ప్రమేయమూ లేకుండా చైను హబ్బును నేరుగా తిప్పే గేరు ఒకటి. ఇరుసు చివరి నుంచి బయటికి వచ్చే సన్నటి గొలుసును కేబులు లాగితే లోపల క్లచ్చు పక్కకు జరిగి గేరు మారుతుంది.

ఇంతటి సాదా యంత్రం దశాబ్దాల పాటు పెద్ద మార్పు లేకుండా తయారైంది. హబ్బు పై డొల్ల మీద తయారైన సంవత్సరం రెండంకెలు పొడిచి ఉండేవి కాబట్టి, పాత సామాన్ల కొట్లో దొరికిన రాలీ సైకిలు వయసు చెప్పడానికి ఇప్పటికీ ముందు అక్కడే చూస్తారు. లోపమూ ఒకటుంది. కేబులు సరిగా బిగించకపోతే రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ చోటు వస్తుంది. నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు ఆ ఖాళీలో పడితే పెడలు ఒక్కసారిగా కింద పడుతుంది, మనిషి ముందుకు తూలుతాడు. కేబులు తెగితే మాత్రం హబ్బు దానంతటదే పై గేరులో నిలబడిపోతుంది. చదునులో ఇంటికి చేరవచ్చు, కొండ మీద దిగి నడవడమే.

మూడు గేర్లతో లోకం చుట్టినవాళ్ళు లేకపోలేదు. జర్మనీకి చెందిన హైంజ్ ష్టూకె 1962లో హోవెల్‌హోఫ్ నుంచి బయల్దేరి ఐదు దశాబ్దాల పాటు, ఆరు లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగాడు. అందులో ఎక్కువ భాగం పాతిక కిలోల బరువున్న మూడు గేర్ల సైకిలు మీదే. ఐర్లండు రచయిత్రి డెర్వ్‌లా మర్ఫీ 1963లో ఢిల్లీకి సైకిలు మీద వచ్చే ముందు తన సైకిలుకున్న మూడు గేర్ల డెరైలర్‌ను ఊడబీకించేసింది. ఆసియా రోడ్ల మీద అది ఎలాగూ విరుగుతుందని ఆమె లెక్క. ఆ రోజుల డెరైలర్లను బట్టి చూస్తే అది మొండితనం కాదు, తెలివైన పనే.

1970ల తర్వాత పది గేర్ల పందెపు సైకిళ్ళు, ఆ వెనకే మౌంటెన్ బైకులు బజారును ముంచెత్తాయి. హబ్ గేరు పాలు తెచ్చుకోవడానికీ, బడికి వెళ్ళడానికీ పనికొచ్చే సైకిళ్ళకు పరిమితమైంది. 1997లో జాక్స్ సైకిలు విభాగం అమెరికా కంపెనీ శ్రామ్ చేతికి వెళ్ళింది. 2000లో స్టర్మీ-ఆర్చర్ మూతపడే దశకు వచ్చి, యంత్రాలతో సహా తైవాన్‌లోని సన్‌రేస్ కంపెనీకి అమ్ముడుపోయింది. హబ్ గేర్ల కథ అక్కడితో సరి అని చాలామంది అనుకున్న కాలం అది. కానీ అప్పటికే జర్మనీలో ఒక చిన్న కంపెనీ వేరే లెక్క వేసింది.

రోలోఫ్ స్పీడ్‌హబ్

కాసెల్ పట్టణం పక్కన ఫుల్డాటాల్‌లో బెర్న్‌హార్డ్ రోలోఫ్, బార్బరా రోలోఫ్ దంపతులు 1986లో పెట్టిన కంపెనీ మొదట చైన్లు తయారుచేసేది. డెరైలర్‌కు చైనే ప్రాణం కదా. చైన్లు చేసేవాళ్ళకు అది ఎక్కడ అరుగుతుందో, ఎందుకు అరుగుతుందో తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ కంపెనీ నుంచే 1998లో 14 గేర్ల హబ్బు వచ్చింది. లోపల ఒకదాని వెనక ఒకటి మూడు గ్రహచక్రాల అమరికలు. మొదటి రెండు కలిసి ఏడు గేర్లు ఇస్తాయి. మూడోది ఆ ఏడింటినీ మరింత కిందికి దించి ఇంకో ఏడు చేస్తుంది.

దీని ప్రత్యేకత గేర్ల సంఖ్యలో లేదు. మొదటి గేరు 0.279, పద్నాలుగోది 1.467, అంటే పై గేరు కింది గేరుకు ఐదింతల పైన, 526 శాతం. అంత విస్తృతి అప్పటివరకు ముందు మూడు, వెనక తొమ్మిది పళ్ళచక్రాలున్న 27 గేర్ల డెరైలర్‌కే సాధ్యమయ్యేది. ఆ 27లో కూడా దాదాపు సగం ఒకదాని మీద ఒకటి పడే గేర్లే. రోలోఫ్‌లో ఏ గేరూ రెండుసార్లు రాదు. పైగా ప్రతి గేరుకూ తర్వాతి గేరుకూ తేడా 13.6 శాతమే. గుడి మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటే చీకట్లోనైనా కాలు తడబడదు. ఈ గేర్ల వరస కూడా అలాంటిదే. బరువుతో కొండ ఎక్కుతూ అలసిపోయిన మనిషికి, ఇప్పుడు మీట తిప్పితే ఎంత తేలికవుతుందో కాళ్ళకు ముందే తెలిసిపోవడం ఎంత హాయో తొక్కినవాళ్ళకే తెలుస్తుంది.

పదకొండో గేరు నేరు గేరు. అక్కడ గ్రహచక్రాలు ఏవీ పనిచేయవు, హబ్బు నిశ్శబ్దంగా ఉంటుంది. ఏడో గేరు వరకు మూడో అమరిక కూడా తిరుగుతుంది కాబట్టి చిన్న గరగర వినిపిస్తుంది. కొత్తలో అందరూ ఏదో చెడిందని కంగారు పడేది ఆ ఏడో గేరు చప్పుడుకే. ఎనిమిది నుంచి ఏడుకు దింపేటప్పుడు పెడలు మీద బలం తగ్గించకపోతే హబ్బు ఒక్క క్షణం పద్నాలుగో గేరులోకి వెళ్ళివస్తుంది. ఏటవాలులో అది చికాకే. నాలుగు రోజులు తొక్కాక ఆ చోట కాలు దానంతటదే తేలికపడడం నేర్చుకుంటుంది.

హబ్బు లోపల నూనె ఉంటుంది. 5,000 కిలోమీటర్లకో, ఏడాదికో ఒకసారి పాత నూనె తీసి, కడిగే నూనె పోసి కాసేపు తొక్కి, అదీ తీసేసి కొత్త నూనె ఎక్కించాలి. మొత్తం పట్టేది సుమారు 25 మిల్లీలీటర్లు. చిన్న సిరంజి, ఒక స్క్రూ, అరగంట సమయం చాలు. మోతాదుకు మించి బలం పడితే చక్రాల పళ్ళు విరగకుండా, లోపల కావాలనే బలహీనంగా చేసిన ప్లాస్టిక్ పిన్నులు ముందు తెగిపోతాయి. గేరు ఎక్కడ ఆగాలో నిర్ణయించే ఏర్పాటు హ్యాండిల్ మీద కాకుండా హబ్బులోనే ఉంటుంది కాబట్టి, కేబులు సాగినా గేరు తప్పదు. బయట పెట్టె ఉన్న రకంలో కేబుళ్ళు రెండూ తెగిపోయినా 8 మిల్లీమీటర్ల స్పానరుతో కావలసిన గేరుకు తిప్పి ముందుకు పోవచ్చు.

ధర వెయ్యి యూరోలకు పైనే. బరువు 1.7, 1.8 కిలోల మధ్య. డెరైలర్ సామాను మొత్తంతో పోలిస్తే తేడా అంత పెద్దది కాదు గానీ, అది మొత్తం వెనక చక్రంలోనే ఉంటుంది. నష్టాలు చెప్పుకోవాలంటే పుల్లలు బిగించే అంచు దగ్గర పగుళ్ళు వచ్చిన హబ్బులున్నాయి. కంపెనీ తర్వాత ఆ అంచులకు బయటి నుంచి బిగించే ఉక్కు వలయాలు తెచ్చింది. బరువుగా వెళ్ళేవాళ్ళు మొదటే వాటిని వేయించుకోవడం మంచిది.

ఇంగ్లండులో బ్రిడ్జ్‌వాటర్‌లోని థార్న్, నెదర్లాండ్స్‌లోని సాంటోస్, కోగా లాంటి కంపెనీలు ఈ హబ్బు చుట్టూనే యాత్ర సైకిళ్ళు కట్టాయి. స్కాట్లండు యాత్రికుడు మార్క్ బ్యూమాంట్ 2008లో 194 రోజుల్లో భూగోళం చుట్టి రికార్డు పెట్టినప్పుడు ఆయన సామాను ఆయనే మోసుకున్నాడు, సైకిలుకు రోలోఫ్ హబ్బు ఉంది. అదే మనిషి 2017లో 79 రోజుల లోపే మళ్ళీ చుట్టాడు. అప్పుడు వెంట వ్యాను, మెకానిక్కులు, వంటవాళ్ళు ఉన్నారు; సైకిలుకు ఉన్నది డెరైలర్. హబ్బా, డెరైలరా అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు వెతకనక్కర్లేదు.

మిగతా రకాలు

జపాన్‌లో ఒసాకా దగ్గరి సకాయ్ నగరంలో 1921లో మొదలైన షిమానో 1957 నుంచి హబ్ గేర్లు చేస్తోంది. దాని ఎనిమిది గేర్ల నెక్సస్, ఆల్ఫీన్ హబ్బులు యూరప్ నగరాల్లో లక్షల సైకిళ్ళకు ఉన్నాయి. విస్తృతి 307 శాతం, 0.527 నుంచి 1.615. మెట్లు సమానం కావు: ఒకచోట 14 శాతం, ఒకచోట 22. ధర రోలోఫ్‌లో చిన్న భాగం. చదును దేశాల్లో, తేలిక సామానుతో వెళ్ళేవారికి ఇది బంగారం లాంటి హబ్బు. నెదర్లాండ్స్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు వారాంతాల్లో కాలవ గట్ల వెంట తొక్కే సైకిళ్ళకు చాలా వాటికి ఉండేది ఇలాంటిదే.

షిమానో 2010లో తెచ్చిన పదకొండు గేర్ల ఆల్ఫీన్ విస్తృతి 409 శాతం. నూనెలో తిరుగుతుంది, మొదటి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత 5,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. కాగితం మీద రోలోఫ్‌కు ఇది చవక ప్రత్యామ్నాయం. మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య 29 శాతం పెద్ద గంతు ఉంది. కొండ మీద సరిగ్గా అవసరమైన చోటే ఆ గంతు రావడం దీని బలహీనత.

సన్‌రేస్ చేతికి వెళ్ళాక వచ్చిన స్టర్మీ-ఆర్చర్ ఎనిమిది గేర్ల హబ్బులో నేరు గేరు మొదటిదే. మిగతా ఏడూ పైకే పోతాయి. అందుకని ముందు చాలా చిన్న పళ్ళచక్రం వేయాలి. చిన్న టైర్ల మడత సైకిళ్ళకు బాగా ఒదుగుతుంది గానీ, పెద్ద చక్రాల యాత్ర సైకిలుకు పెట్టేవాళ్ళు తక్కువ. ఎన్వియోలో అనే హబ్బులో పళ్ళచక్రాలే లేవు. ఉక్కు బంతులు వంగుతూ గేరును మెట్లు లేకుండా జరుపుతాయి. తొక్కుతుంటే హాయిగానే ఉంటుంది. రెండున్నర కిలోలకు దగ్గరగా ఉండే బరువు వల్ల అది మోటారు ఉన్న సరుకు సైకిళ్ళకే ఎక్కువ నప్పింది.

పోర్ష కార్ల కంపెనీలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు 2008లో స్థాపించిన పినియన్ కంపెనీ గేర్ల పెట్టెను వెనక చక్రంలోంచి తీసి పెడళ్ళ దగ్గర పెట్టింది. 18 గేర్లు, 636 శాతం విస్తృతి, మెట్టుకు 11.5 శాతం. బరువు సైకిలు మధ్యలో పడుతుంది, వెనక చక్రం మామూలు చక్రమే అవుతుంది. కాకపోతే ఆ పెట్టె కోసమే ప్రత్యేకంగా చేసిన ఫ్రేము ఉండాలి. ఉన్న సైకిలుకు తర్వాత తగిలించుకునే వీలు లేదు.

కింది గేరు లెక్క

గేరు ఎంత తేలికో కొలవడానికి సులువైన పద్ధతి, పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎన్ని మీటర్లు సాగుతుందో చూడడం. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించి, హబ్బు నిష్పత్తితోనూ టైరు చుట్టుకొలతతోనూ హెచ్చిస్తే అది వస్తుంది. రెండంగుళాల వెడల్పున్న 26 అంగుళాల టైరు చుట్టుకొలత సుమారు 2.07 మీటర్లు. ముందు 38, వెనక 16 పళ్ళతో రోలోఫ్ బిగిస్తే మొదటి గేరులో 1.37 మీటర్లు, పద్నాలుగో గేరులో 7.2 మీటర్లు. పెడలు నిమిషానికి 60 చుట్లు తిరిగితే మొదటి గేరులో గంటకు ఐదు కిలోమీటర్లు. 80 చుట్లు తిరిగితే పై గేరులో దాదాపు 35. అంతకు మించి వేగం దిగుడులోనే వస్తుంది, దిగుడులో తొక్కే పనే లేదు.

అదే టైరుకు ముందు 38, వెనక 20 పళ్ళతో షిమానో ఎనిమిది గేర్ల హబ్బు పెడితే కింది గేరు 2.07 మీటర్లు. చూడ్డానికి తేడా చిన్నదే. మనిషి 70 కిలోలు, సైకిలూ సామానూ 40 కిలోలు, నూటికి ఏడు మీటర్ల ఎత్తు పెరిగే ఘాట్ రోడ్డు అనుకుందాం. రోలోఫ్ మొదటి గేరులో 60 చుట్లు తొక్కడానికి సుమారు 115 వాట్ల శక్తి చాలు. రెండో హబ్బులో అదే 60 చుట్లకు దాదాపు 174 వాట్లు కావాలి. పందేలకు తయారుకాని మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది వంద వాట్ల చుట్టుపక్కలే. మరి 174 ఇవ్వలేనివాడు ఏం చేస్తాడు? పెడలును నిమిషానికి నలభై చుట్లకు తగ్గించి, ప్రతి చుట్టుకూ మోకాళ్ళతో నెడతాడు. మొదటి రోజు బాగానే ఉంటుంది. మూడో రోజు మోకాలు పట్టేస్తుంది.

అందుకే శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అనంతగిరి ఘాట్ మీదుగా అరకు ఎక్కాలనుకునేవారు గానీ, మనాలి నుంచి లేహ్ దాకా ఐదు వేల మీటర్లు దాటే కనుమల మీదుగా పోవాలనుకునేవారు గానీ, ముందు పై గేరు సంగతి మరిచిపోయి కింది గేరు ఒకటిన్నర మీటర్లకు మించకుండా చూసుకోవాలి. కింది గేరును ఇంకా దించాలని ముందు పళ్ళచక్రం మరీ చిన్నది వేయడానికి హద్దుంది. ముందు పళ్ళచక్రం చిన్నదైన కొద్దీ హబ్బు మీద మెలితిప్పే బలం పెరుగుతుంది. వంద కిలోల లోపు మనిషికి ముందు, వెనక పళ్ళ నిష్పత్తి 1.9కి తగ్గకూడదని, జంట సైకిలుకు 2.5కి తగ్గకూడదని రోలోఫ్ నియమం. అది దాటితే పూచీ వర్తించదు.

ఎంత శక్తి పోతుంది

హబ్ గేరులో శక్తి వృథా అవుతుందన్నది పాత అభియోగం. చెస్టర్ కైల్, ఫ్రాంక్ బెర్టో 2001లో ప్రచురించిన కొలతల ప్రకారం డెరైలర్లతో పోలిస్తే హబ్ గేర్ల సామర్థ్యం సగటున రెండు శాతం తక్కువ. గేరును బట్టి ఈ తేడా మారుతుంది. నేరు గేరులో తక్కువ, ఎక్కువ చక్రాలు కలిసి పనిచేసే గేర్లలో ఎక్కువ. అయితే ప్రయోగశాలలో డెరైలర్ చైను శుభ్రంగా, నూనె రాసి ఉంటుంది. రెండు రోజులు వానలో, మూడో రోజు ఎర్రమట్టి దుమ్ములో తిరిగిన చైను సంగతి వేరు. పందెంలో రెండు శాతం గెలుపోటములు తేలుస్తుంది. టీకొట్టు దగ్గర పావుగంట ఆగే యాత్రికుడికి దాన్ని లెక్కపెట్టే అవసరం ఉందని ఈ వ్యాసకర్త అనుకోడు.

చైను, చక్రం, ఫ్రేము

హబ్ గేరు సైకిలుకు చైను ఎప్పుడూ ఒకే గీతలో నడుస్తుంది, పక్కకు వంగదు. లావుపాటి చైను వేయవచ్చు, దాన్ని పూర్తిగా కప్పే పెట్టె కూడా బిగించవచ్చు. అందుకే చైను ఎక్కువ కాలం మన్నుతుంది. పళ్ళచక్రం ఒకవైపు అరిగితే తిప్పి రెండోవైపు వాడుకోవచ్చు. డెరైలర్ సైకిలులో వెనక చక్రం కుడివైపు పళ్ళచక్రాల దొంతరకు చోటివ్వాలి కనుక ఆ వైపు పుల్లలు నిటారుగా, బిగుతుగా ఉండి ముందు అవే తెగుతాయి. రోలోఫ్ చక్రానికి రెండు వైపులా పుల్లలు సమానంగా ఉంటాయి. చక్రం బెండు రావడం తక్కువ. బస్సు పైన వేసినప్పుడో రైల్లో పెట్టినప్పుడో వంగిపోయే డెరైలర్ కొక్కెం కూడా ఇక్కడ ఉండదు.

చైను వదులు తీయడానికి మాత్రం ఏర్పాటు కావాలి. వెనక ఇరుసు ముందుకూ వెనక్కూ జరిగే ఫ్రేము, లేదా పెడళ్ళ ఇరుసు పక్కకు తిరిగే ఫ్రేము మేలు. రెండూ లేని పాత ఫ్రేముకు స్ప్రింగుతో చైనును లాగే చిన్న చక్రం తగిలించవచ్చు. చైనుకు బదులు కార్బన్ బెల్టు వేసుకుంటే నూనె బెడద పూర్తిగా పోతుంది. బెల్టును మధ్యలో తెరవలేం కాబట్టి ఫ్రేము వెనక భాగం ఒకచోట విడదీసేలా ఉండాలి. దారిలో బెల్టు తెగితే మన ఊళ్ళలో ఇంకోటి దొరకదు. హబ్బు కింది గేర్లలో ఇరుసును వెనక్కి తిప్పే బలం పుడుతుంది. దాన్ని ఆపే చేయి గానీ, ప్రత్యేకమైన వాషర్లు గానీ ఫ్రేముకు సరిగ్గా కుదరాలి. పాత ఫ్రేముకు కొత్త హబ్బు బిగించేటప్పుడు ఎక్కువ మంది పొరబడేది ఈ చోటే.

సైకిలు ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చగలగడం హబ్బులకున్న గొప్ప సౌకర్యం. ఎదురుగా గేదెల మంద అడ్డం వచ్చి పై గేరులో ఉండగానే హఠాత్తుగా ఆగిపోతే, డెరైలర్ సైకిలును మళ్ళీ కదిలించడానికి వెనక చక్రం పైకెత్తి తిప్పాలి. సామానుతో కలిపి నలభై కిలోలు తూగే సైకిలుతో అది అయ్యే పని కాదు. హబ్బుకు మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు.

పాడైతే

పంక్చరైతే వెనక చక్రం ఊడదీయడం హబ్ గేరు సైకిలుకు కొంచెం పెద్ద పనే. కేబులు విప్పాలి, ఇరుసు నట్లు వదులు చేయాలి, తిరిగి బిగించేటప్పుడు చైను బిగువు సరిచూడాలి. కొన్ని రకాల్లో కేబులును చేత్తోనే తీసి పెట్టుకునే వీలుంది. ఇంటి దగ్గర నాలుగుసార్లు చేసి చూసుకున్నాకే బయల్దేరాలి.

మన దేశంలో దాదాపు ప్రతి పట్టణంలోనూ సైకిలు షాపు ఉంటుంది. ఓవరాయిలింగ్ చేస్తారు, బెండు తీస్తారు, చవక రకం డెరైలరైనా దొరకబుచ్చి పెడతారు. హబ్ గేరు చూసినవాళ్ళు మాత్రం అరుదు. వెనకటి రాలీ, హంబర్ సైకిళ్ళ మూడు గేర్లు విప్పి బిగించిన పాతకాలపు మేస్త్రీలు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు. రోలోఫ్ లోపలి భాగం చెడితే చాలావరకు హబ్బును జర్మనీకో, కంపెనీ గుర్తించిన సేవా కేంద్రానికో పంపాలి. కాబట్టి దేశంలోనే రెండు మూడు వారాల యాత్రలు చేసేవారికి, ఖర్చు చూసుకునేవారికి, కింది గేరు బాగా దిగే, వెనక ఎనిమిది తొమ్మిది పళ్ళచక్రాలున్న డెరైలరే తగినది. నెలల పాటు, ఎడారులూ వానలూ దాటుతూ, సైకిలు గురించి ఆలోచించకుండా పోవాలనుకునేవారికి రోలోఫ్ పెట్టుబడి గిట్టుబాటవుతుంది. ఆ రెంటి మధ్య ఉన్నవారు, అంటే ఏడాదంతా రోజూ తొక్కుతూ సెలవుల్లో సముద్రతీరం వెంట నాలుగు రోజులు పోయేవారు, షిమానో ఎనిమిది గేర్ల హబ్బుతో తృప్తిగా ఉండవచ్చు.

హబ్ గేరుతో దూరం పోయేవారు వెంట ఉంచుకోవలసిన సామాను తక్కువే. గేరు కేబుళ్ళు రెండు, నూనె మార్చే సరంజామా, వెనక పళ్ళచక్రం ఒకటి, చైను లింకులు, ఇరుసు నట్లకు సరిపోయే స్పానరు. వీటితో పాటు నాలుగైదు పుల్లలు. రోలోఫ్ హబ్బు లావు కాబట్టి దానికి పట్టేవి మామూలు సైకిలు పుల్లలకన్నా పొట్టివి, ఏ ఊరి షాపులోనూ ఆ కొలతలో ఉండవు.